ఆలస్యంగా చేరిన పిల్లల బడికి గ్రేడు ఎలా కడతారు?

క్లుప్తంగా

అమెరికాలోని రాష్ట్రాలు తమ ప్రభుత్వ పాఠశాలలకు ఏదో ఒక రూపంలో రేటింగులు ప్రకటిస్తాయి. చదువు మధ్యలో ఆపేసి తిరిగి వచ్చినవాళ్లు, తోటివాళ్ల కంటే ఏళ్ల తరబడి వెనకబడినవాళ్లు చదివే ప్రత్యామ్నాయ పాఠశాలలకూ ఈ రేటింగులు ఉంటాయి. కానీ చాలా రాష్ట్రాల్లో వాటిని లెక్కకట్టే పద్ధతి వేరు. ఆ తేడా ముఖ్యంగా రెండు చోట్ల కనిపిస్తుంది. విద్యార్థికి ఎన్నేళ్ల గడువు ఇస్తారన్నది మొదటిది. అతన్ని ఏ బడి ఖాతాలో రాస్తారన్నది రెండోది. వాదోపవాదాలు ఎక్కువగా మొదటిదాని చుట్టూ తిరుగుతుంటాయి. అసలు చిక్కు రెండోదానిలో ఉంది.

ఒకే అక్షరం, రెండు లెక్కలు

2025 ఆగస్టు 15న టెక్సాస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ 2024, 2025 సంవత్సరాల పాఠశాల రేటింగులను, అంటే ఒక్కో బడికి ‘ఎ’ నుంచి ‘ఎఫ్’ వరకు ఇచ్చే అక్షరాలను, ఒకే రోజు విడుదల చేసింది. 2023 నాటి రేటింగులు కూడా 2025 ఏప్రిల్‌లో గాని బయటికి రాలేదు. కాలేజీకి, ఉద్యోగానికి, సైన్యానికి విద్యార్థి ఎంతవరకు సిద్ధమయ్యాడో కొలిచే అంశంలో ‘ఎ’ రావడానికి కావలసిన మార్కును 60 నుంచి ఒక్కసారిగా 88కి పెంచడాన్ని సవాలు చేస్తూ వందకు పైగా స్కూలు డిస్ట్రిక్టులు (ఒక్కో ప్రాంతంలో ప్రభుత్వ బడులను నడిపే సంస్థలు) కోర్టుకు వెళ్లాయి. కింది కోర్టు విడుదలను నిలిపివేసింది, 2025లో అప్పీలు కోర్టు ఆ అడ్డంకిని తొలగించింది. మూడేళ్ల అక్షరాలు నాలుగు నెలల వ్యవధిలో వచ్చిపడటంతో వాటిని చదువుకోవడమే తల్లిదండ్రులకు ఒక పనైంది.

డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో, హ్యూస్టన్ పక్కన కేటీలోనో ఇల్లు వెతుక్కునే తెలుగు కుటుంబాలు ముందుగా అడిగేది ఆ వీధి ఏ బడి పరిధిలోకి వస్తుంది, ఆ బడికి ఏ అక్షరం ఉంది అనే. ఆ జాబితాలను తిరగేస్తుంటే ఒక వింత ఎదురవుతుంది. పరీక్షల్లో ఉత్తీర్ణత బాగా తక్కువగా ఉన్న ఒక క్యాంపస్‌కు (టెక్సాస్ రేటింగుల భాషలో ఒక్కో బడి ఒక క్యాంపస్), దానికన్నా ఎంతో మెరుగైన ఉత్తీర్ణత ఉన్న పక్క హైస్కూలుకు ఒకే అక్షరం ఉండవచ్చు. అది అచ్చుతప్పు కాదు. మొదటిది ప్రత్యామ్నాయ విద్యా జవాబుదారీ నిబంధనల కింద నమోదైన క్యాంపస్ అయితే దాని కొలతలూ వేరు, ఎంత వస్తే ఏ అక్షరమన్న హద్దులూ వేరు. చివర్లో అంటించే అక్షరం మాత్రం ఒక్కటే. అంతకుముందు కొన్నేళ్లపాటు టెక్సాస్ ఇలాంటి బడులకు ‘ప్రత్యామ్నాయ ప్రమాణాన్ని అందుకుంది’ అని విడిగా రాసేది. ఎ నుంచి ఎఫ్ వరకు అక్షరాల పద్ధతి వచ్చాక ఆ తేడా పేరులోంచి జారిపోయి వివరణ పత్రాల్లోకి చేరింది. గందరగోళానికి పెద్ద కారణం ఇదేనని చెప్పవచ్చు.

ఈ బడుల్లో చదివేదెవరు

ప్రత్యామ్నాయ పాఠశాల అనే మాటకు అమెరికా అంతటా చెల్లే ఒకే నిర్వచనం లేదు. కాలిఫోర్నియాలో కంటిన్యుయేషన్ స్కూళ్లు అనే ప్రత్యామ్నాయ బడుల చరిత్ర 1919 నాటి చట్టంతో మొదలవుతుంది. పనిలో చేరిన కుర్రాళ్లు వారానికి కనీసం 4 గంటలైనా బడికి రావాలన్నది అప్పటి నియమం. నేటికీ ఆ బడుల రోజు చిన్నదే, వారానికి 15 గంటలు చాలు. మిగతా సమయం హోటల్లోనో, గిడ్డంగిలోనో, సొంత బిడ్డను చూసుకోవడంలోనో గడిచిపోతుంది.

ఏ బడిని ఈ కోవలో చేర్చాలో తేల్చడానికి చాలా రాష్ట్రాలు విద్యార్థుల శాతాన్ని చూస్తాయి. చదువు ఆగిపోయే ప్రమాదం ఉన్నవాళ్లు టెక్సాస్‌లో కనీసం 75 శాతం ఉండాలి. కాలిఫోర్నియాలో కొన్ని రకాల బడులకు ఈ హోదా దానంతటదే వస్తుంది, మిగిలినవి దరఖాస్తు చేసుకోవాలంటే 70 శాతం ఉండాలి. కొలరాడోలో 90 శాతం. అంకెలు దగ్గరదగ్గరగా కనిపించినా వాటిని పోల్చడం కష్టం, ఎందుకంటే ‘ప్రమాదంలో ఉన్న విద్యార్థి’ అంటే ఎవరన్నది ప్రతి రాష్ట్రమూ తన జాబితా తానే రాసుకుంది. కాలిఫోర్నియా జాబితాలో బడి నుంచి బహిష్కరణకు గురైనవాళ్లు, కోర్టు సంరక్షణలో ఉన్నవాళ్లు, గర్భిణులు, బిడ్డల తల్లిదండ్రులు, ఇల్లు లేనివాళ్లు, క్రెడిట్లలో (పాసైన కోర్సులకు జమయ్యే పాయింట్లలో) బాగా వెనకబడినవాళ్లు ఉంటారు. టెక్సాస్ జాబితా ఇంకా విశాలం. ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్న విద్యార్థిగా నమోదైన ప్రతి ఒక్కరూ అందులోకి వస్తారు. ఇండియా నుంచి కొత్తగా వెళ్లి ఆ పట్టికలోకి ఎక్కిన తెలుగు పిల్లవాడు కూడా, లెక్కల్లో ఎంత చురుకైనవాడైనా, కాగితం మీద ‘ప్రమాదంలో ఉన్న’ విద్యార్థే.

క్రమశిక్షణ చర్య కింద కొన్ని వారాలకో నెలలకో పంపే కేంద్రాలను ఈ బడులతో కలపకూడదు. టెక్సాస్‌లో ఆ కేంద్రాలకు రేటింగు ఉండదు. అక్కడ కూర్చున్న విద్యార్థి ఫలితాలు అతన్ని పంపిన సొంత బడి ఖాతాకే వెళ్తాయి. ఈ చిన్న నియమాన్ని గుర్తుపెట్టుకోవాలి, దాని అవసరం మళ్లీ వస్తుంది.

నాలుగేళ్ల గడియారం

అమెరికా హైస్కూల్ అంటే తొమ్మిది నుంచి పన్నెండు తరగతులు, నాలుగేళ్లు. 2008లో ఖరారైన ఫెడరల్ నిబంధన ప్రకారం, తొలిసారి తొమ్మిదో తరగతిలో చేరిన పిల్లలందరినీ ఒక జట్టుగా తీసుకుని, వచ్చి చేరినవాళ్లను కలిపి, వేరే బడికి వెళ్లిపోయినవాళ్లను తీసేసి, మిగిలినవారిలో నాలుగేళ్లలోపు సాధారణ డిప్లొమా పొందినవాళ్లు ఎంతమందో లెక్కిస్తారు. దేశం మొత్తానికి ఈ శాతం 2010–11లో 79, 2021–22లో 87. అంతకుముందు రాష్ట్రాలు తలా ఒక పద్ధతిలో లెక్క చూపించేవి కాబట్టి ఈ ఏకరూపత పెద్ద మెరుగుదలే. అయితే ఇందులో గడియారం విద్యార్థిది, జమాఖర్చు మాత్రం చివరగా ఉన్న బడిది.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. టెక్సాస్‌లో కనీస డిప్లొమాకు 22 క్రెడిట్లు కావాలి. దానితోపాటు ఆల్జీబ్రా 1, ఇంగ్లిష్ 1, ఇంగ్లిష్ 2, బయాలజీ, అమెరికా చరిత్ర అనే ఐదు కోర్సులకు రాష్ట్ర పరీక్షలు ఉంటాయి. ఒక అమ్మాయి మూడేళ్లు ఒక పెద్ద హైస్కూల్లో చదివి, మధ్యలో ఒక ఏడాదిలో సగానికి పైగా బడికి రాక, 18 ఏళ్ల వయసులో 11 క్రెడిట్లతో, రెండు పరీక్షలు తప్పి, నాలుగో ఏడాది అక్టోబరులో ప్రత్యామ్నాయ బడిలో చేరింది. పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు వరకు తరగతులు, తర్వాత ఉద్యోగం. ఆమె రెండేళ్లలో మిగిలిన 11 క్రెడిట్లు పూర్తిచేసి, రెండు పరీక్షలూ దాటి డిప్లొమా తీసుకుంది. మామూలు విద్యార్థి నడిచే వేగంతోనే, ఏడాదికి ఐదున్నర క్రెడిట్ల చొప్పున నడిచింది. నాలుగేళ్ల లెక్కలో మాత్రం ఆమె ఒక వైఫల్యం, అది కూడా ఆమెకు డిప్లొమా ఇప్పించిన బడి ఖాతాలో. ఆమె వెనకబడిన మూడేళ్లూ కూర్చున్న బడి లెక్కలో ఆమె ‘వేరే బడికి మారిన విద్యార్థి’. అక్కడి భిన్నంలో లవంలోనూ లేదు, హారంలోనూ లేదు.

ఇదే బడిలో ఆ జట్టు పిల్లలు 40 మంది ఉన్నారనుకుందాం. నాలుగేళ్లు ముగిసేసరికి 10 మంది డిప్లొమా పొందారు, నలుగురు జీఈడీ అనే తత్సమాన పరీక్ష పాసయ్యారు, 20 మంది ఇంకా చదువుతున్నారు, ఆరుగురు మానేశారు. ఫెడరల్ లెక్కలో జీఈడీ డిప్లొమా కాదు, కొనసాగుతున్న చదువు ఫలితం కాదు. అందువల్ల రేటు 25 శాతం. ఆరేళ్ల వరకు ఆగి, ఆ 20 మందిలో 12 మంది డిప్లొమా తీసుకున్నారని చూస్తే రేటు 55 శాతం. నాలుగేళ్ల దగ్గరే నిలబడి, డిప్లొమా, జీఈడీ, కొనసాగుతున్నవాళ్లు ముగ్గురినీ కలిపి ‘పూర్తి రేటు’ కడితే 40లో 34, అంటే 85 శాతం. బడి ఒకటే, పిల్లలూ వాళ్లే. మూడు లెక్కల్లో ఏదీ అబద్ధం కాదు. ఏ లెక్కను ఎంచుకుంటే ఆ బడి మూతపడాల్సినదో, మెచ్చుకోదగినదో అవుతుంది.

ఫెడరల్ చట్టం విధించిన గీత

ఈ ఎంపిక రాష్ట్రాల ఇష్టానికి పూర్తిగా వదిలినది కాదు. 2002 జనవరిలో సంతకమైన ‘నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్’ చట్టం ప్రతి బడినీ, అందులోని ప్రతి విద్యార్థి వర్గాన్నీ ఒకే ప్రమాణంతో కొలవాలంది. తర్వాత 2015 డిసెంబరులో ‘ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్’ చట్టం దాని స్థానంలోకి వచ్చింది. కొత్త చట్టం రాష్ట్రాలకు కొంత వెసులుబాటు ఇచ్చినా ఒక గీత గట్టిగానే గీసింది. మూడో వంతు లేదా అంతకుమించి విద్యార్థులు గ్రాడ్యుయేట్ కాని ప్రతి ప్రభుత్వ హైస్కూలునూ ‘సమగ్ర మద్దతు’ అవసరమైన బడిగా గుర్తించాలి. పైన చెప్పిన బడి 25 శాతంతోనే కాదు, 55 శాతంతో కూడా ఆ గీత కిందే ఉంటుంది.

చట్టం రాసినవాళ్లకు ఈ చిక్కు తెలియక కాదు. చదువు ఆపేసి తిరిగి వచ్చినవాళ్లు, వయసుకు తగిన క్రెడిట్లు లేనివాళ్లు ప్రధానంగా ఉండే హైస్కూళ్లలో దిద్దుబాటు చర్యలను వేరుగా రూపొందించుకోవచ్చని, అలాంటి బడిలో 100 మంది కంటే తక్కువ ఉంటే ఆ చర్యలను వదిలేయనూ వచ్చని అందులోనే ఉంది. అయితే ఈ సడలింపు వర్తించేది బడిని గుర్తించిన తర్వాత. ముద్ర ముందు పడుతుంది, మినహాయింపు ఆ తర్వాత వస్తుంది. పేపర్లో వచ్చేది ముద్ర సంగతే.

కాలిఫోర్నియా ఈ గోడను నేరుగా ఢీకొంది. తన ప్రత్యామ్నాయ బడులకు ఒక ఏడాది గ్రాడ్యుయేషన్ రేటు అనే కొలత తయారుచేసి, ఈ ఏడాది పన్నెండో తరగతి స్థాయికి చేరినవాళ్లలో ఎంతమంది పూర్తిచేశారో చూసింది. బడి చేతిలో ఉన్న కాలానికి బడిని బాధ్యురాలిని చేసే కొలత అది. తర్కం పరంగా ఇది మిగతా అన్నిటికన్నా శుభ్రమైనది. ఫెడరల్ చట్టం కోరే జట్టు లెక్కతో అది పొసగలేదు. చివరికి రాష్ట్రం అన్ని హైస్కూళ్లకూ నాలుగు, ఐదేళ్ల రేట్లను కలిపిన లెక్కకు మళ్లింది. ఆ రాష్ట్రం ఒకే అక్షరం ఇవ్వదు, ఒక్కో అంశానికి ఎరుపు (అధమం) నుంచి నీలం (ఉత్తమం) వరకు రంగు వేస్తుంది. గ్రాడ్యుయేషన్ గడిలో ఎరుపు పడ్డా సస్పెన్షన్ల గడి నీలంగా ఉండవచ్చు. చదవడానికి కష్టమే గాని, ఒక్క అక్షరంలో అన్నీ కుక్కడం కన్నా ఇలాంటి బడులకు ఇది న్యాయం.

టెక్సాస్ సర్దుబాట్లు

టెక్సాస్‌లో సాధారణ హైస్కూలు రేటింగుకు మూడు విభాగాలు. విద్యార్థి సాధన, పాఠశాల పురోగతి అనే రెండింటిలో ఏది మెరుగైతే అది 70 శాతం, వర్గాల మధ్య అంతరాలు తగ్గించడం 30 శాతం. ప్రత్యామ్నాయ క్యాంపస్‌కూ ఇవే విభాగాలు ఉంటాయి, లోపలి సరుకు మారుతుంది. గ్రాడ్యుయేషన్ రేటు బదులు డిప్లొమా, జీఈడీ, కొనసాగుతున్న చదువు మూడింటినీ కలిపిన పూర్తి రేటును వాడతారు. నాలుగు, ఐదు, ఆరేళ్ల గడువుల్లో చూస్తారు. పురోగతి విభాగంలో, ఒకసారి తప్పిన రాష్ట్ర పరీక్షను మళ్లీ రాసి గట్టెక్కినవాళ్లను లెక్కించే కొలత 2023 సవరణలతో వచ్చింది. సప్లిమెంటరీలో పాసైనవాళ్లను లెక్కపెట్టి బడికి మార్కులు వేయడం లాంటిది ఇది. ఆల్జీబ్రా 1ను మూడోసారి రాస్తున్న కుర్రాడిని తొలిసారి రాసే తొమ్మిదో తరగతి పిల్లలతో పోల్చడం కన్నా నిస్సందేహంగా ఉపయోగకరం.

ఇంతా చేసి, ఈ సర్దుబాట్లు అందుకోలేనిది మరొకటి ఉంది. టెక్సాస్‌లో పరీక్ష ఫలితం ఒక బడి ఖాతాలోకి రావాలంటే, విద్యార్థి అక్టోబరు చివరి శుక్రవారం నాటి నమోదు పట్టికలో ఆ బడిలోనే ఉండాలి, పరీక్షా అక్కడే రాయాలి. మామూలు బడికి ఇది రక్షణ. ఏప్రిల్‌లో వచ్చి చేరిన పిల్లవాడి మార్కులకు ఆ బడి జవాబు చెప్పనక్కర్లేదు. ప్రత్యామ్నాయ బడికి ఏడాది పొడవునా చేరికలే. నవంబరులో, జనవరిలో, మార్చిలో వచ్చినవాళ్ల మీద పడ్డ కష్టం వసంతకాలపు పరీక్షల్లో ఎక్కడా నమోదు కాదు. అక్టోబరులో ఉండి డిసెంబరుకల్లా ఉద్యోగానికో మరో ఊరికో వెళ్లిపోయినవాళ్లదీ అదే పరిస్థితి. చివరికి 200 మందికి పాఠం చెప్పిన బడి రేటింగు, రెండు తేదీల్లోనూ కనిపించిన కొద్దిమంది మీద నిలబడుతుంది. సంఖ్య మరీ చిన్నదైతే మూడేళ్ల అంకెలను కలిపి చూసే వీలుంది. అప్పుడు కూడా ఇద్దరు ముగ్గురి ఫలితం అక్షరాన్ని అటూ ఇటూ నెట్టగలదు.

కొలరాడో, ఒహాయో, ఫ్లోరిడా

కొలరాడో దారి వేరు. చాలాకాలంగా వాడుతున్న దాని ప్రత్యామ్నాయ చట్రంలో హైస్కూలుకు పరీక్ష ఫలితాల స్థాయి బరువు 15 శాతమే. విద్యార్థి ఎదుగుదలకు 35, పై చదువుకూ ఉద్యోగానికీ సిద్ధం కావడానికి 30. హాజరు, గైర్హాజరు వంటివి చూసే ‘చదువులో నిమగ్నత’కు 20. పూర్తి రేటును నాలుగు నుంచి ఏడేళ్ల వరకు లెక్కించి, వాటిలో మంచిదాన్ని తీసుకుంటారు. బడి తనకు తగిన అదనపు కొలతలను ప్రతిపాదించుకోవచ్చు కూడా. ఈ స్వేచ్ఛకు ధర ఉంది. రెండు బడులు వేర్వేరు కొలతలు ఎంచుకుంటే, ఒకే పేరున్న వాటి రేటింగులను పక్కపక్కన పెట్టి చూడటానికి ఆధారం పలచబడుతుంది.

ఒహాయో 2012 చట్టంతో డ్రాపౌట్ రికవరీ చార్టర్ స్కూళ్లకు, అంటే చదువు మానేసినవాళ్ల కోసం ప్రభుత్వ నిధులతో స్వతంత్ర సంస్థలు నడిపే బడులకు, విడిగా రిపోర్టు కార్డు పెట్టింది. గ్రాడ్యుయేషన్ రేటును నాలుగు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఐదు గడువుల్లో చూస్తుంది. అక్షరాల జోలికి పోకుండా ప్రమాణాన్ని మించింది, అందుకుంది, అందుకోలేదు అని మూడే మెట్లు పెట్టింది. పాఠకుడు ఇతర బడుల గ్రేడుతో పొరపడే అవకాశం దీనిలో దాదాపు లేదు.

ఫ్లోరిడా ఇంకో ఏర్పాటు చేసింది. అక్కడ ప్రత్యామ్నాయ బడి మామూలు అక్షరమైనా తీసుకోవచ్చు, చదవడంలోనూ గణితంలోనూ విద్యార్థులు సాధించిన పెరుగుదల మీద ఆధారపడే వేరే రేటింగైనా కోరుకోవచ్చు. రెండోదాన్ని ఎంచుకుంటే, కొన్ని మినహాయింపులు పోను, ఆ విద్యార్థి ఫలితం అతను ముందు చదివిన సొంత బడి గ్రేడులోకి కూడా వెళ్తుంది.

సడలింపు ఎవరికి నీడ అవుతుంది

ఒక వర్గం బడులకు తేలిక కొలతలు పెడితే, ఆ వర్గంలోకి దూరాలనే ఆశ మిగతావాటికి పుడుతుంది. ఒహాయోలో ఎలక్ట్రానిక్ క్లాస్‌రూమ్ ఆఫ్ టుమారో అనే భారీ ఆన్‌లైన్ చార్టర్ స్కూలు ఉదంతం దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. 2015–16లో 15,000 మందికి పైగా పూర్తికాలపు విద్యార్థులు ఉన్నారని అది చూపగా, రాష్ట్రం చేసిన తనిఖీలో సుమారు 6,300 మందికే రుజువులు దొరికాయి. దాదాపు 6 కోట్ల డాలర్లు తిరిగి కట్టాలని ఆదేశాలు వచ్చాయి. ఫలితాలు కూడా బాగాలేని ఆ సంస్థ 2017లో తనను డ్రాపౌట్ రికవరీ స్కూలుగా గుర్తించాలని కోరింది. అది జరిగితే మామూలు రిపోర్టు కార్డు నుంచి తప్పుకుని తేలిక కార్డు కిందికి వచ్చేది. 2018 జనవరిలో విద్యా సంవత్సరం మధ్యలోనే మూతపడింది.

రెండో రకం నీడ కంటికి కనిపించదు. ఇందులో హోదా మార్చుకునేది బడి కాదు, బదిలీ అయ్యేది విద్యార్థి. వెనకబడిన పిల్లవాణ్ని పదకొండో తరగతిలో ‘నీకు అక్కడైతే బాగుంటుంది’ అని పక్కనున్న ప్రత్యామ్నాయ బడికి పంపితే, పెద్ద హైస్కూలు హారం ఒకటి తగ్గుతుంది, దాని శాతం పెరుగుతుంది. 2017లో ప్రోపబ్లికా అనే పరిశోధనాత్మక వార్తాసంస్థ ఫ్లోరిడాలోని ఓర్లాండో ప్రాంతంలో ఇలాంటి బదిలీల గురించి, వాటివల్ల సాధారణ హైస్కూళ్ల రేటింగులకు దక్కిన మేలు గురించి విస్తృతంగా రాసింది. ఆ సలహా నిజంగా పిల్లవాడి మేలు కోరి ఇచ్చినది కావచ్చు, బడి గ్రేడు కోసం ఇచ్చినది కావచ్చు. అంకెల్లో ఆ రెండూ ఒకేలా కనిపిస్తాయి.

కాబట్టి కొలతలు కఠినంగా ఉండాలా తేలికగా ఉండాలా అన్న వాదన సమస్యలో సగాన్నే తాకుతుంది. కఠినంగా పెడితే ఆఖరున చేర్చుకున్న బడికి శిక్ష, తేలిక చేస్తే పంపించిన బడికి బహుమతి. ఈ రెండింటిలో ఏది ఎంచుకున్నా, 11 క్రెడిట్లతో వచ్చిన ఆ అమ్మాయి మొదటి మూడేళ్లకు జవాబు చెప్పేవారు ఎవరూ ఉండరు. ఫలితాన్ని రెండు బడుల ఖాతాల్లోనూ రాసే ఫ్లోరిడా పద్ధతి, దాని మినహాయింపులతో సహా, ఈ ఖాళీని తాకే కొద్ది ప్రయత్నాల్లో ఒకటి. టెక్సాస్ క్రమశిక్షణ కేంద్రాలకు పెట్టిన ‘సొంత బడి ఖాతా’ నియమం కూడా ఇదే సూత్రం. ఆరు వారాలు పంపినప్పుడు పంపిన బడిని బాధ్యురాలిని చేసే రాష్ట్రం, శాశ్వతంగా పంపినప్పుడు ఆ బాధ్యతను ఎందుకు రద్దు చేస్తుందన్న ప్రశ్నకు రేటింగుల పుస్తకంలో సమాధానం లేదు.

అక్షరం తర్వాత ఏమవుతుంది

ఈ లెక్కలు కాగితం మీదే ఆగిపోతే ఇంత రగడ ఉండదు. టెక్సాస్‌లో 2015 చట్టం ప్రకారం ఒక క్యాంపస్‌కు వరుసగా ఐదేళ్లు అంగీకరించలేని రేటింగు వస్తే, రాష్ట్ర విద్యా కమిషనర్ ఆ క్యాంపస్‌నైనా మూసేయాలి, మొత్తం డిస్ట్రిక్టుకు కొత్త పాలకమండలినైనా నియమించాలి. 2023లో హ్యూస్టన్ డిస్ట్రిక్టును రాష్ట్రం స్వాధీనం చేసుకోవడానికి ఒక ముఖ్య కారణం ఒక్క హైస్కూలు రేటింగే. చార్టర్ స్కూళ్లకు గడువు మరీ తక్కువ. 2013 నాటి చట్టం వరుసగా మూడేళ్ల వైఫల్యానికి అనుమతి రద్దు చేయమంటుంది. డ్రాపౌట్ రికవరీ బడుల్లో చార్టర్లు గణనీయంగా ఉన్నందున, వాటికి ప్రత్యేక కొలతలు లేకుంటే ఆరేళ్లలో డిప్లొమా చేతికొచ్చే విద్యార్థి కంటే మూడేళ్లలో బడి మూసివేత ముందు వచ్చేస్తుంది.

పెద్ద డిస్ట్రిక్టుల మీద ప్రభావం వేరే రకంగా ఉంటుంది. ఐదేళ్ల నియమం భయంతో, నలభై యాభై మంది ఉండే ప్రత్యామ్నాయ క్యాంపస్‌ను విడి క్యాంపస్‌గా కాక పెద్ద హైస్కూల్లో ఒక కార్యక్రమంగా నడపడం పాలకులకు సురక్షితంగా తోస్తుంది. అప్పుడు ఆ పిల్లల అంకెలు రెండు వేల మందిలో కలిసిపోతాయి. రేటింగు పోతుంది, దానితోపాటు వాళ్లెలా చదువుతున్నారో బయటివారికి తెలిసే దారీ పోతుంది.

మన ఓపెన్ స్కూలు పద్ధతితో ఒక్క పోలిక అవసరం. 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థలో ఒకసారి నమోదైతే ఐదేళ్ల గడువు, పరీక్షకు తొమ్మిది అవకాశాలు ఉంటాయి. పాసైన సబ్జెక్టు పాసైనట్టే నిల్వ ఉంటుంది. ఓపెన్ టెన్త్ కట్టి, ఏడాదికి రెండేసి సబ్జెక్టులు గట్టెక్కే అభ్యర్థిని ఏ బడి వైఫల్యంగానూ అక్కడ రాయరు. ఎందుకంటే అక్కడ ఫలితం వ్యక్తిదే, బడి మీద అక్షరం లేదు. నాలుగేళ్ల గడియారం లేకపోవడం విద్యార్థికి ఊరటే. అయితే అతన్ని మామూలు బడి నుంచి అటు నెట్టింది ఎవరో, ఎంతమందిని నెట్టారో చూపే లెక్క కూడా అందులో పుట్టదు.

టెక్సాస్‌లో కొలతలు త్వరలో మళ్లీ మారబోతున్నాయి. 2025లో ఆమోదం పొందిన చట్టం స్టార్ అనే ఇప్పటి రాష్ట్ర పరీక్షలను 2027–28 నుంచి ఏడాది మొదట్లో, మధ్యలో, చివర్లో రాసే చిన్న పరీక్షలతో భర్తీ చేయాలంటోంది. ఏడాదిలోపలి ఎదుగుదలను ఆ మూడింటి ఆధారంగా కొలిచే పద్ధతి వస్తే, ప్రత్యామ్నాయ బడి చేసే పని తొలిసారి ఆ ఏడాదిలోనే అంకెల్లో కనిపించే వీలుంది. జనవరిలో చేరే విద్యార్థికి మాత్రం మొదటి పరీక్ష మార్కు ఉండదు, లేదా పాత బడిలో రాసినది ఉంటుంది. ఆ మార్కు నుంచి వచ్చిన పెరుగుదలను ఎవరి ఖాతాలో వేయాలో తేల్చాల్సింది మళ్లీ నిబంధనల పుస్తకమే.